జరుగని పోరు: మేరీ కోమ్, నిఖత్ జరీన్

కర్ణుడు కవచకుండలములను ఇంద్రునకు దానము చేయక, గురుశాపము తగులక, రథచక్రము నేల గ్రుంగక యుండినచో అర్జునునకు జయము కలిగియుండునా? ఈ ప్రశ్న వినక పెరిగిన ఆడుబిడ్డ తెలుగునాట నుండదు. భారతము చదువువారి యింటను, చదివించుకొని వినువారి యింటను గూడ ఇది తెగని వ్యాజ్యమే. ఒకరిది కర్ణపక్షము, ఒకరిది అర్జునపక్షము. విస్తళ్లు తీయువరకు వాదము సాగి, మరునాడు మరల మొదలగును. జరిగిన యుద్ధమును గూర్చి వాదించుటకు ఒక హద్దు గలదు. జరుగని యుద్ధమునకు హద్దెక్కడిది?

పురుషులకు ఈ వినోదము ముష్టియుద్ధమునందు మిక్కుటము. మహమ్మద్ అలీ తన మంచి ప్రాయమున, మైక్ టైసన్ తన మంచి ప్రాయమున ఎదురుపడినచో ఎవరు నేల గరతురని గంటలకొలది చర్చింతురు. అలీ 1942లో పుట్టినవాడు, టైసన్ 1966లో పుట్టినవాడు. వారి మంచి దినములు ఎన్నటికిని కలియవు గనుకనే ఆ చర్చకు చావు లేదు. మా షేక్‌పేటలో ఇట్టి వాదములకు ఎరువు మరింత యెక్కువ. ఒక ప్రక్క ఫిల్మ్‌నగర్, ఒక ప్రక్క జూబిలీ హిల్స్. ఏ కథానాయకుడు ఏ కథానాయకుని కొట్టగలడనునది ఇచట పాలవాడు మొదలు పట్టభద్రుని వరకు అందరకు వచ్చిన విద్యయే. 'తమ్ముడు' (1999), 'అమ్మా నాన్న ఓ తమిళ అమ్మాయి' (2003), 'గని' (2022) మొదలగు చిత్రములు బరిలోని పోరునే కథకు ప్రాణముగా జేసికొన్నవి. 'లైగర్' (2022) చిత్రమునకై మైక్ టైసన్‌నే పిలిపించిరి. 2017లో వచ్చిన 'గురు' చిత్రమున వెంకటేశ్ శిక్షకుడుగాను, రితికా సింగ్ అతని శిష్యురాలగు ముష్టియోధగాను నటించిరి. ఆ శిష్యురాలు దెబ్బ తిన్నప్పుడు మా వీధి స్త్రీలు కన్నీరు పెట్టుకొనిరి. గెలిచినప్పుడు చప్పట్లు కొట్టిరి. కాని చిత్రములలో గెలుపెవరిదో చిత్రీకరణకు ముందే కాగితముపై వ్రాయబడియుండును. ఆ సౌకర్యము నిజమైన బరికి లేదు.

మేము ప్రస్తావింపబూనిన వాదము ఇరువురు స్త్రీలను గూర్చినది. మణిపురపు మేరీ కోమ్ తన మంచి ప్రాయమున, మన నిజామాబాదు నిఖత్ జరీన్ తన మంచి ప్రాయమున, ఒకే బరిలో నిలిచినచో గెలుపెవరిది? ఇన్నాళ్లకు ముష్టియుద్ధమును గూర్చి వాదించుటకు మనకును మన పేర్లు దొరకినవి. మేరీ ఆరుమార్లు ప్రపంచవిజేత. నిఖత్ రెండుమార్లు. 2022 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వము నిఖత్‌కు రెండు కోట్ల రూపాయల బహుమానముతోపాటు బంజారా హిల్స్ లేదా జూబిలీ హిల్స్ ప్రాంతమున ఇంటిస్థలము నిత్తుమని ప్రకటించినది. ఆ ప్రకటన వెలువడిన నాటినుండి మా వైపు స్త్రీలు ఆమెను పొరుగింటి పిల్లగానే యెంచుచున్నారు. కాబట్టి ఈ వాదమున పక్షపాతము లేదని చెప్పుట మాకు సాధ్యము కాదు. పక్షపాతము నెరిగి, లెక్క సరిగా వేయుటకు మాత్రము ప్రయత్నింతుము.

అలీ, టైసన్‌లవలె గాక వీరిరువురు నిజముగనే ఎదురుపడిరి. 2019 మే నెలలో గువాహటిలో జరిగిన ఇండియా ఓపెన్ పోటీల సెమీఫైనలులో మేరీ నిఖత్‌ను ఓడించినది. అది అంతగా ఎవరి చెవిని పడలేదు. ఆ యేటి చివర జరిగినది మాత్రము దేశమంతయు విన్నది. టోక్యో ఒలింపిక్సుకు అర్హతపోటీలు రానున్నవి. 51 కిలోల తరగతికి భారతదేశము నుండి ఒక్కరినే పంపవలెను. 2019 ప్రపంచపోటీలలో మేరీకి కాంస్యము లభించియున్నది గదా యని, పరీక్షాపోరు లేకయే ఆమెను పంపవచ్చుననెడి మాట సమాఖ్య పెద్దలనుండి వెలువడినది. అప్పుడు ఇరువదిమూడేండ్ల నిఖత్ అక్టోబరులో కేంద్ర క్రీడామంత్రి కిరణ్ రిజిజుకు లేఖ వ్రాసి, తనకు న్యాయమైన అవకాశ మొక్కటి ఇప్పింపుమని కోరినది. మేరీని తప్పింపుమని గాదు, తన్ను పంపుమని గాదు. ఇరువురిని బరిలో నిలుపుడు, గెలిచినవారిని పంపుడు, అంతియే ఆమె కోరిక.

ఈ లేఖపైన మా వీధిలో ఇండ్లు రెండుగా చీలినవి. ఇది హాస్యమునకు చెప్పుట గాదు. అత్తగార్లలో పెక్కుమంది ఇట్లనిరి: "పదమూడేండ్లు పెద్దది, ముగ్గురు మగబిడ్డల తల్లి, దేశమునకు ఇంత పేరు తెచ్చినది. అట్టిదానితో నన్ను బరిలో నిలుపుమని అడుగుట పిల్లకు తగునా? పెద్దరికమునకు దండము పెట్టి ఒక యేడు ఓర్చుకొనరాదా?" కోడండ్రు ఏమియు అనలేదు; అననక్కరలేకయే వారి పక్షము తెలియుచునేయుండెను. ఓర్చుకొనుమను మాట వినుటలో వారికి మంచి అనుభవము గలదు.

మేము కోడండ్ర పక్షమే. నన్నయగారి ఆదిపర్వములో కుమారుల అస్త్రవిద్యాప్రదర్శనము నాడు కర్ణుడు రంగములోనికి వచ్చి, అర్జునుడు చూపిన విద్యలన్నియు తానును చూపి, ద్వంద్వయుద్ధము కోరెను. కృపాచార్యుడు అతనికి యుద్ధము నొసగక వంశ మడిగెను. విలువిద్యకు బదులు పుట్టుక పరీక్షింపబడెను. ఆనాడు తెగవలసిన వ్యాజ్యము తెగకపోబట్టియే, సుయోధనుడు అంగరాజ్యమిచ్చి ఆ వీరుని తనవానిగా జేసికొనెను. ఆ స్నేహము కురుక్షేత్రము వరకు పోయెను. పరీక్ష కోరిన చిన్నవారికి బరిని నిరాకరించుట పెద్దలకు గౌరవము గాదు. పెద్దవారు గెలువలేరేమోయను శంకను వారి నెత్తిన పెట్టుటయే యగును.

2019 డిసెంబరు 28వ తేదీన ఢిల్లీలోని ఇందిరా గాంధీ క్రీడాంగణమున ఆ పోరు జరిగినది. మేరీ తొమ్మిదికి ఒకటిగా గెలిచినది. పోరు ముగిసిన పిదప ఆమె నిఖత్‌తో చేయి గూడ కలుపలేదు. మేరీకి కోపము వచ్చియుండుటలో మాకు వింత తోచలేదు. ఆ కోపమును ఆమె పిడికిళ్లతోనే తీర్చుకొన్నది, అది బరికి తగిన మర్యాదయే. చేయి కలిపియుండినచో మరింత బాగుగ నుండెడిది. నిఖత్ ఓడినది గనుక ఆమె లేఖ వ్రాయకయుండవలసినదని మరునాడు కొందరనిరి. ఆ మాట మాకు నచ్చలేదు. గెలువగలవారికే పరీక్ష కోరు హక్కు గలదన్నచో, గెలుపు పరీక్షకు ముందే తెలియవలెను గదా!

ఇక్కడివరకు జరిగిన కథ. ఈ రెండు పోరులను బట్టి మన ప్రశ్నకు జవాబు దొరకునా? దొరకదు. 2019లో మేరీ ముప్పదియైదు దాటినది. నిఖత్ ఇంకను పండలేదు. 2017లో కుడిభుజము కీలు తప్పి, యేడాదిపాటు బరికి దూరమై, మరల చేయి కూడదీసికొనుచున్న దినములవి. కాబట్టి ఆ నాడు ఎదురుపడినది దిగుచున్న సూర్యుడును, ఎక్కని చంద్రుడును. మనకు కావలసినది ఇరువురి మిట్టమధ్యాహ్నము.

మేరీ మిట్టమధ్యాహ్న మెప్పుడు? స్త్రీల ప్రపంచపోటీలు మొదటిమారు 2001లో అమెరికాలోని స్క్రాంటన్‌లో జరిగినవి. దానిలో ఆమెకు రజతము. పిదప 2002లో టర్కీలోని అంటాల్యాలో, 2005లో రష్యాలోని పోడోల్‌స్క్‌లో, 2006లో ఢిల్లీలో, 2008లో చైనాలోని నింగ్బోలో, 2010లో బార్బడోసులోని బ్రిడ్జ్‌టౌన్‌లో వరుసగా స్వర్ణములే. తరువాత 2018లో మరల ఢిల్లీలో ఆరవ స్వర్ణము. వీనిలో 2008 నాటిది గృహిణులకు ప్రత్యేకముగ తెలియవలసినది. ఆమెకు 2005లో వివాహమైనది. 2007లో కవలపిల్లలు పుట్టిరి. మరుసటి యేడే నింగ్బోలో స్వర్ణము. కవలలను కన్నవారెవరైన ఈ వాక్యమును మరియొకమారు చదువుదురు. మేము ఆమె పరాకాష్ఠను 2008 నుండి 2010 వరకని నిర్ణయించితిమి.

నిఖత్ విషయమున నిర్ణయము సులభము. 2011లోనే అంటాల్యాలో బాలికల ప్రపంచపోటీలలో స్వర్ణము గెలిచినది. ఆ పిమ్మట పదునొకండు సంవత్సరములు. 2022 మే 19వ తేదీన ఇస్తాంబుల్‌లో థాయిలాండు యోధురాలు జుటమాస్ జిట్‌పాంగ్‌ను ఓడించి ప్రపంచవిజేత యైనది. ఆ పోటీలలో ఆమె పోరాడిన ప్రతి పోరునను ఐదుగురు నిర్ణేతలును ఏకగ్రీవముగ ఆమెకే ఓటిచ్చిరి. అదే యేడు బర్మింగ్‌హామ్ కామన్వెల్తు క్రీడలలో స్వర్ణము. 2023 మార్చిలో ఢిల్లీలో వియత్నాము యోధురాలు గుయెన్ థి తామ్‌పైన గెలిచి రెండవ ప్రపంచస్వర్ణము. ఈ పది నెలలు ఆమె మధ్యాహ్నము.

ఇరువురి యిండ్లను గూర్చియు ఒక మాట చెప్పవలెను. పోరు బరిలోనే మొదలు కాలేదు గదా. మేరీ తల్లిదండ్రులు మణిపురములోని చూరాచాంద్‌పుర్ ప్రాంతమున పొలముపని చేసి బ్రదికినవారు. 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో మణిపురపు డింకో సింగ్ ముష్టియుద్ధమున స్వర్ణము తెచ్చెను. దానిని జూచి ఆమెకు ఈ ఆట పట్టుకొన్నది. ఇంట చెప్పలేదు. 2000లో రాష్ట్రస్థాయిలో గెలిచినప్పుడు వార్తాపత్రికలో బొమ్మ పడగా తండ్రికి తెలిసినది. ముఖము చెడిన పిల్లను ఎవరు పెండ్లాడుదురని ఆయన బాధ. నిఖత్ విషయము వేరు. ఆమె తండ్రి జమీల్ అహ్మద్ స్వయముగ ఆటగాడు. నలుగురు కుమార్తెలలో మూడవదానిని తానే మైదానమునకు తోడ్కొని పోయెను. మొదట పరుగుపందెములు నేర్చినది. ఒకనాడు అన్ని ఆటలలోను ఆడపిల్లలు కనబడి, ముష్టియుద్ధమున మాత్రము ఒక్కతెయు కనబడకపోగా, ఏలయని తండ్రి నడిగినది. ఈ ఆటకు ఆడపిల్లలకు బలము చాలదని లోకమనుకొనునని ఆయన చెప్పగా, ఆ మాటకే పట్టుదల పుట్టినది. నిజామాబాదులో శంసముద్దీన్ అను శిక్షకుని వద్ద మగపిల్లల నడుమ నేర్చినది. కమిలిన ముఖముతో ఇంటికి వచ్చిన బిడ్డను జూచి తల్లి పర్వీన్ సుల్తానా కంట తడిపెట్టి, పెండ్లి యెట్లగునని వాపోయినదట. మణిపురపు తండ్రిది, నిజామాబాదు తల్లిది ఒకే భయము. కొండలును భాషలును మతములును వేరు. ఆ భయము మాత్రము అక్షరము తప్పక ఒకటే.

ఇంక లెక్కలోనికి దిగుదము. ఈ వాదమునందు స్త్రీలైనను పురుషులైనను మరచునది తూకము. పతకములు లెక్కించి ఆరు రెండుకంటె నెక్కువ గనుక మేరీయే గెలుచునందురు. ఆ ఆరు స్వర్ణములు ఏయే బరువులలో వచ్చినవో చూడుడు: 2002లో 45 కిలోలు; 2005, 2006, 2008లలో 46; 2010, 2018లలో 48. నిఖత్ 2022 స్వర్ణము 52 కిలోలలోను, 2023 స్వర్ణము 50 కిలోలలోను వచ్చినవి. వీరిరువురు తమ మంచి దినములలో ఒక తరగతిలో లేనేలేరు. నింగ్బోలో గెలిచిన మేరీ ఇస్తాంబుల్‌లో గెలిచిన నిఖత్‌కు ఎదురుపడవలెనన్నచో ఆరు కిలోలు పెరుగవలెను, లేదా నిఖత్ ఆరు కిలోలు తరుగవలెను.

ఆరు కిలోలా, అది యెంత అని పెదవి విరువకుడు. 48 కిలోల శరీరమున మూడు కిలోలనగా పదునారవ వంతు. మన పెద్దలనాటి రూపాయికి అణా. ఇంటి ఖర్చులో రూపాయికి అణా తగ్గినచో ఇల్లాలికి ఎట్లు తెలియునో, దెబ్బలో రూపాయికి అణా పెరిగినచో తగిలినవారికి అట్లే తెలియును. ఆరు కిలోలన్నచో రెండణాలు! అందువలననే ముష్టియోధలు పోటీదినములలో ఉదయము తూకపు యంత్రమెక్కి నిలువవలెను. ఆ యంత్ర మెంత కఠినమైనదో 2024లో పారిస్‌లో కుస్తీయోధురాలు వినేశ్ ఫొగాట్ వలన దేశమంతయు తెలిసికొన్నది. 50 కిలోలకు నూరు గ్రాములు, అనగా చారెడు బియ్యమంత, పైబడుటచే ఫైనలు పోరాడకయే ఆమె పతకమునకు దూరమైనది.

ఒలింపిక్సు మేరీని పైకి లాగినది. నిఖత్‌ను క్రిందికి లాగినది. 2012లో లండనునందు స్త్రీల ముష్టియుద్ధమును మొదటిమారు చేర్చినప్పుడు 51, 60, 75 కిలోలను మూడు తరగతులే పెట్టిరి. 48 లేదు. అప్పటికి ఐదుమార్లు ప్రపంచవిజేత యైన మేరీ తనది గాని తరగతిలోనికి ఎక్కి, కాంస్యము తెచ్చినది. పారిస్ ఒలింపిక్సునకు 52 లేక 50 పెట్టుటచే నిఖత్ రెండు కిలోలు దిగవలసి వచ్చినది. తమ శరీరమునకు సరిపోవు కొలతలో గాక, కొలతకు సరిపోవు శరీరముతో ఇరువురును పోరాడిరి.

ఇందువలన ఒక విచిత్రము తేలుచున్నది. "ముప్పదియైదు దాటిన మేరీయే ఇరువదిమూడేండ్ల నిఖత్‌ను ఓడించినదే, ఇరువదియైదేండ్ల మేరీ ఎదుట నిఖత్ నిలుచునా?" అని మేరీ పక్షమువారు అడుగుదురు. వినుటకు ఇది తిరుగులేని ప్రశ్నవలె నున్నది. కాని 2019 నాటి మేరీ 51 కిలోల బరిలో పెక్కేండ్లు పోరాడి ఆ బరువునకు అలవాటు పడినది. 2008 నాటి మేరీ 46 కిలోలది. పడుచుదనములో ఆమె వేగము ఎక్కువ. నిఖత్‌ను ఎదుర్కొనుటకు కావలసిన బరువు తక్కువ. వయస్సు వెనుకకు పోయినచో అన్నియు లాభములే కావు.

నియమములును మారినవి. లండనులో స్త్రీలు రెండేసి నిమిషముల రౌండ్లు నాలుగు పోరాడిరి. టోక్యో నాటికి మూడేసి నిమిషముల రౌండ్లు మూడు. మొత్తము చూచిన ఎనిమిది నిమిషములకు తొమ్మిది నిమిషములు. పెద్ద భేదము లేదనిపించును. రోటివద్ద రోకలి పట్టినవారికి ఆ భేదము చెప్పనక్కరలేదు. రెండు నిమిషములు నిలుపక దంచవచ్చును. మూడవ నిమిషముననే భుజము మాటలాడ మొదలుపెట్టును.

గెలుపును నిర్ణయించు విధమును మారినది. పూర్వము తగిలిన దెబ్బనెల్ల నిర్ణేతలు యంత్రపు మీట నొక్కి లెక్కించుచుండిరి. అందుచే లండను సెమీఫైనలులో ఇంగ్లాండు యోధురాలు నికోలా ఆడమ్స్ మేరీని 11-6తో ఓడించినదనగా, అవి దెబ్బల లెక్క. ఇప్పుడు రౌండు గెలిచినవారికి పది, ఓడినవారికి తొమ్మిదియో అంతకు తక్కువయో వేయుదురు. నిఖత్ 5-0తో గెలిచినదనగా ఐదుగురు నిర్ణేతలు ఆమె పక్షమున నున్నారని యర్థము. ఈ రెండు అంకెలను ఒక త్రాసులో తూచరాదు. మేరీ మొదటి ఐదు స్వర్ణములును దెబ్బలు లెక్కించు కాలమునాటివి. చొచ్చుకొనివచ్చి, రెండు తగిలించి, ఎదుటివారు చేయి యెత్తులోపల వెలుపల నుండుట ఆమె విద్య. మీట నొక్కు లెక్కకు ఆ విద్య అతికినట్లుండెను. నేటి పద్ధతి రౌండంతయు ఎవరు నడపిరని చూచును. బరి నడుమ నిలిచి, పొడుగైన చేతితో దూరమును తన యధీనమున నుంచుకొను నిఖత్‌కు ఇది అనుకూలము.

పోరు విధమునందు మరియొక సూక్ష్మము గలదు. మేరీది ఎడమచేతివాటము. ఆమె కుడిపాదము ముందుంచి నిలుచును. నిఖత్ సాధారణరీతిని ఎడమపాదము ముందుంచును. ఇట్టి యిరువురు ఎదురుపడినప్పుడు ముందరి పాదములు ఒకదానికొకటి అడ్డుపడును. ఇరుకుసందులో ఎదురైన యిద్దరు ఒకే ప్రక్కకు తప్పుకొన జూచినట్లుండును. ఎవరి పాదము ఎదుటివారి పాదమునకు వెలుపలి ప్రక్కన పడునో వారి వెనుకచేతికి దారి తెరచుకొనును. ఎడమచేతివాటమువారికి ఇది నిత్యాభ్యాసము, ఏలన వారికి ఎదురగువారిలో పెక్కుమంది కుడిచేతివారే. కుడిచేతివారికి మాత్రము ఇట్టి పోరు అప్పుడప్పుడే. కాబట్టి మొదటి రౌండు మేరీది కాగలదు. నిఖత్ మేరీకంటె పొడగరి. పాదము సర్దుకొన్న పిదప ఆమె ముందరిచేయి మేరీని వెలుపలనే నిలుపజూచును. మూడవ రౌండు నిఖత్‌ది కాగలదు.

నిఖత్ పక్షమున మరియొక సాక్ష్యము. 2021లో ఇస్తాంబుల్‌లో జరిగిన బాస్ఫరస్ పోటీలలో ఆమె రష్యా యోధురాలగు ప్రపంచవిజేతను, వెనువెంటనే రెండుమార్లు ప్రపంచవిజేత యైన కజకస్తాను యోధురాలు నాజిమ్ కిజైబాయ్‌ను ఓడించినది. అనగా ఢిల్లీలో ఓడిన పదునైదు నెలలకే ఆమె వేరొక యోధగా మారినది. ఢిల్లీ పోరుతో ఆమెను కొలుచుట పచ్చికాయతో మామిడిచెట్టును కొలుచుటయే. మేరీ పక్షమున మరియొక సాక్ష్యము: 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలలో, మూడవ బిడ్డ పుట్టిన మరుసటి యేడు, 51 కిలోలలోనే స్వర్ణము గెలిచినది. పై తరగతిలో ఆమె గెలువలేదనుట చెల్లదు.

తీర్పు చెప్పవలెను. ఇంత వ్రాసి, ఇద్దరును గొప్పవారేయని తప్పించుకొనుట మాకిష్టము లేదు. 48 కిలోలలో, రెండేసి నిమిషముల రౌండ్లలో, దెబ్బల లెక్కతో జరిగినచో మేరీదే గెలుపు. దీనికి చర్చయే అక్కరలేదు. 52 కిలోలలో, మూడేసి నిమిషముల రౌండ్లలో నిఖత్‌దే. దీనికిని చర్చ అక్కరలేదు. నడుమనున్న 50 కిలోలలో, నేటి నియమములతో? మొదటి రౌండు మేరీకి, మూడవది నిఖత్‌కు పోగా, రెండవ రౌండు తేల్చును. అచట మా మనస్సు నిజామాబాదు వైపు లాగుచున్నది. మా లెక్క మణిపురము వైపు చూపుచున్నది. వెనుకబడిన పోరులను గూడ ముగింపులోపల తన వైపునకు త్రిప్పుకొను నేర్పు మేరీకి గలదు. నిఖత్ ఎదురుపడిన రెండుమార్లును ఓడినది. మూడుకు రెండుగా, వెంట్రుకవాసిలో, మేరీ.

ఈ తీర్పు మా వీధిలో సగముమందికి నచ్చలేదు. లేఖ వ్రాసిననాడు మౌనముగ నున్న కోడండ్రే ఇప్పుడు నోరు విప్పినారు. వారిలో ఒకామె మమ్ము నిలదీసి, లండను పోరును ముందు పెట్టినది. మేరీకి ఇంకను ముప్పదేండ్లు నిండని దినములలో, పొడగరియు వేగము గలదియు నగు నికోలా ఆడమ్స్ ఆమెను ఐదు దెబ్బల తేడాతో ఓడించినది గదా. అదియు మేరీకి అనుకూలమైన రెండు నిమిషముల రౌండ్లలో, దెబ్బల లెక్కలోనే గదా. ఇక నిఖత్ విషయమున మీ రెండవ రౌండు మేరీదని యెట్లందురు? అని ఆమె ప్రశ్న. ఆడమ్స్ ఆ యేడు ఒలింపిక్ స్వర్ణము గెలిచిన యోధురాలనియు, అది 51 కిలోల పోరనియు మేము జవాబు చెప్పితిమి. ఒక్క కిలోకు ఇంత వ్యత్యాసమా యని ఆమె నవ్వినది. రూపాయికి అణా లెక్క మీరే చెప్పితిరి గదా, ఇది కాలణాకు కొంచె మెక్కువ మాత్రమే యని మా మాటనే మాకు అప్పగించినది.

మూడవమారు ఎదురుపడు అవకాశము మాత్రము లేకపోయినది. 2022లో ఇస్తాంబుల్ విజయము తరువాత నిఖత్ మేరీని కలిసికొని, ఆమెతో తీసికొన్న ఛాయాచిత్రమును లోకమునకు చూపినది. కలుపని చేతులు ఆ విధముగ కలిసినవి. ఆ జూన్ నెలలోనే, కామన్వెల్తు క్రీడల పరీక్షాపోరున, తన పాత 48 కిలోల తరగతికి మరలి వచ్చిన మేరీ మొదటి రౌండులో మోకాలు మడతపడి బరి వీడినది. నలుబదేండ్లు దాటినవారికి ఆ బరిలో ప్రవేశము లేదు గనుక ఆమె పోరాటము అంతటితో నిలిచినది. ఒలింపిక్ స్వర్ణము ఆమెకు దక్కలేదు. టోక్యోలో కొలంబియా యోధురాలు ఇంగ్రిట్ వలెన్సియా చేతిలో మూడుకు రెండుగా ఓడినది. పారిస్‌లో 2024 ఆగస్టు 1వ తేదీన చైనా యోధురాలు వూ యు చేతిలో నిఖత్ ఓడినది. ఆ యేడే తెలంగాణ పోలీసుశాఖలో డి.ఎస్.పి. ఉద్యోగమున చేరినది. ఆ కోడలు మాత్రము తన వాదమును విడువలేదు. లండను పోరు చలనచిత్రము మరల వేయించి, రెండవ రౌండును గడియారము పెట్టుకొని చూడుడని మాకు గడువు పెట్టిపోయినది.